వన్ బై త్రీ అభివృద్ధి

గోదావరిఖని పాత బొగ్గు బాయి గేటు ప్రాంతంలో ఇకమీదట బీదరికం లేదని ప్రాంతీయ ఆర్థిక సంతృప్తి కార్యాలయం వారు సంతోషపూర్వకంగా తెలియజేశారు. ఇంతకుముందు ఉన్న బీదరికం కూడా పొరపాటున ఉన్నదేనని, దానికి కార్యాలయం బాధ్యత వహించదని అదే ప్రకటనలో ఉంది. ఈ సంగతి తెలియక నిన్నటిదాకా ఇబ్బంది పడినవాళ్లు ఆ ఇబ్బందిని వెంటనే నిలిపివేయవలసిందిగా కోరారు.

ప్రకటన కాగితాన్ని అబ్దుల్ రజాక్ పంక్చర్ షాపు గోడకు అంటించి పోయారు. గోడ పగిలి ఉండడంతో కాగితం సరిగ్గా పగులు మీద పడి గోడకు కొంత ఆసరా అయింది. మేమందరం వెళ్లి చదివాం. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు వినిపించారు. విన్నాక ఎవరి పనికి వాళ్లు పోదామనుకున్నాం గానీ, పని లేకపోవడంతో అక్కడే నిలబడ్డాం.

ఇదేమీ ఒక్కరోజులో జరిగిన అభివృద్ధి కాదు. దీని వెనక ఎందరో విద్యావంతుల కృషి ఉంది. ఆ కృషిని తక్కువ చేసి చూడడం మా వంటి బడి మధ్యలో మానేసినవాళ్లకు తగదు గనుక, జరిగింది జరిగినట్టు మనవి చేస్తున్నాను.

మొదట లెక్కలకూ జనానికీ పడలేదు. కార్యాలయం దగ్గరున్న లెక్కల ప్రకారం మా ప్రాంతం ఏటేటా పైకి పోతోంది. జనాన్ని అడిగితే కిందికి పోతున్నామంటున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బాయిలోకి దిగి ఎక్కుతున్న మనుషులకు పైకేదో కిందికేదో తెలియకపోవడం ఏమిటని పై అధికారులు విస్తుపోయారు.

నిజం చెప్పాలంటే తప్పు మాదే. లెక్కలు కళ్లెదుట ఉన్నాయి. నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా ఇళ్ల గోడలు నెర్రెలిస్తాయి. ఆ నెర్రెలు పూడ్చడానికి మేం సిమెంటు కొంటాం. సిమెంటు అమ్మకాలు పెరిగాయి గనుక నిర్మాణ రంగం పుంజుకుంది. దుమ్ముకు దగ్గుతాం గనుక దగ్గుమందు అమ్మకాలు పెరిగాయి, అంటే ఆరోగ్యం మీద జనానికి శ్రద్ధ పెరిగింది. ఆడవాళ్ల మెడల్లో అజాగ్రత్తగా తిరిగే బంగారం తాకట్టు దుకాణాల ఇనుప బీరువాల్లోకి చేరింది, అంటే భద్రత మెరుగుపడింది. బస్సు తీసేశాక షేర్ ఆటోలో మనిషి ఒళ్లో మనిషి కూర్చుంటున్నాడు, అంటే రవాణా రంగం కిటకిటలాడుతోంది.

అన్నిటికన్నా గొప్పది తలసరి ఆదాయం. తవ్విన బొగ్గంతటి విలువ కట్టి, దాన్ని మా తలలతో భాగిస్తారు. అట్లా భాగించగా ఒక్కొక్క తలకూ మంచి వాటా వచ్చింది. ఆ వాటా వ్యాగన్లకెక్కి ఎటో వెళ్లిపోయిన మాట వాస్తవమే. అయితే పోయేముందు మా తలల మీదుగానే పోయిందనడానికి మా జుట్టులో దుమ్ము సాక్ష్యంగా ఉంది.

ఇక ఐలవ్వ సంగతి. ఐలవ్వ అంటే పాత బాయి గేటుకు ఎదురుగా చాయ్ హోటల్ నడిపే మనిషి. హోటల్ అంటే నాలుగు గుంజలు, పైన నీలం పరదా, ఒక పొయ్యి, రెండు బెంచీలు. ఆమె పెనిమిటి కాంట్రాక్టు మీద బొగ్గు ఎత్తి, కాంట్రాక్టు అయిపోకముందే తాను అయిపోయాడు. అప్పటి నుంచి ఐలవ్వ మూడు షిఫ్టుల మనుషులకూ చాయ్ పోసి బతికింది. బాయి సైరన్ మోగితే ఆమె పొయ్యి మీద పాలు పొంగేవి.

బాయి మూశారు. పర్మినెంటు వాళ్లను ఓపెన్‌కాస్టుకు మార్చారు. కాంట్రాక్టు వాళ్లను ఇంటికి మార్చారు. ఎవరికీ అన్యాయం జరగలేదు, అందరినీ ఎక్కడికో అక్కడికి మార్చారు. ఐలవ్వను మార్చడం మాత్రం మరిచిపోయారు.

కొత్త గేటు ఊరికి అవతల, మట్టిగుట్టల వెనక ఉంది. అక్కడ పాత గేటు చిన్న వ్యాపారుల కోసమని ఒక వరుస రేకుల షెడ్లు కట్టారు. ఐలవ్వ ఒకనాడు షేర్ ఆటోలో పోయి చూసి వచ్చింది. చివరి షెడ్డులో నిలబడి, గాలి ఎటు కొడుతుందో చూసుకుని, పొయ్యి ఏ మూలకు పెట్టాలో మనసులో అనుకుంది. ఆ షెడ్డు దొరికితే షిఫ్టు షిఫ్టుకూ గిరాకీ. దొరక్కపోతే పాత గేటు దగ్గర మేమే ఆమె గిరాకీ. మమ్మల్ని నమ్ముకుని ఎవరూ బాగుపడిన దాఖలా లేదు.

షెడ్డుకు ఒకే షరతు. పాత గేటు దగ్గర బతుకుదెరువు దెబ్బతిన్నదని సంతృప్తి కార్యాలయం ధ్రువీకరించాలి. కళ్లున్న ఎవరికైనా కనబడే సంగతి గనుక ఇది చిటికెలో అయిపోతుందని ఐలవ్వ అనుకుంది. కళ్లతో చూసింది సాక్ష్యం కిందికి రాదని ఆమెకు తెలియదు.

పరిశీలనకు వేణుమాధవ్ గారు అనే యువ అధికారి వచ్చారు. చాలా మంచి మనిషి. ఎండలో బెంచీ మీద కూర్చుని, చేతిలో టిక్కుటిక్కుమనే చిన్న మిషిను పట్టుకుని, ఐలవ్వ కడిగి బోర్లించే గ్లాసులను ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టారు. ఒక ప్రాంతం బాగోగులు తెలియాలంటే అక్కడి జనం ఎన్ని గ్లాసుల చాయ్ తాగుతున్నారో చూడాలని ఆయన చదువుకున్నారు.

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పాలి. పని ఉన్న రోజుల్లో మనిషికో చాయ్. బాయి మూసిన కొత్తలో ఇద్దరికో చాయ్, ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోస్తే అది వన్ బై టూ. ఆ తర్వాత వన్ బై త్రీ. ముగ్గురం ఒక చాయ్ చెప్తాం, ఐలవ్వ మూడు గ్లాసుల్లో తలా ఒక గుక్క పోస్తుంది. మర్యాద ముగ్గురికీ దక్కుతుంది. పని లేక పొద్దంతా అక్కడే ఉంటాం గనుక అట్లాంటి గుక్కలు పూటకు నాలుగైదు పడతాయి. కాబట్టి మా చేతుల్లో డబ్బు తగ్గినకొద్దీ ఐలవ్వ కడిగే గ్లాసులు పెరుగుతూ వచ్చాయి.

వేణుమాధవ్ గారి మిషిను సంతోషంతో టిక్కుటిక్కుమంది. బాయి నడిచిన రోజులకన్నా మూసిన తర్వాతే చాయ్ వినియోగం మూడింతలైందని తేలింది. ఇంత వేగంగా ఎదిగిన హోటల్ తన ఉద్యోగంలో చూడలేదని ఆయన ఐలవ్వను అభినందించారు కూడా.

ఐలవ్వకు అనుమానం వచ్చింది. "సారూ, గ్లాసులు ఎక్కువైనయి గని చాయ్ ఎక్కువ కాలే. పాలు చూడుండ్రి, సగానికి సగం తగ్గించిన" అంది.

"పాలు నా పరిధిలోకి రావమ్మా. అవి పశుసంవర్ధక శాఖవాళ్లు చూస్తారు."

"అయితే ఉత్త గ్లాసు పెట్టినా లెక్కనేనా?"

వేణుమాధవ్ గారు నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, ఉత్త గ్లాసును వినియోగం కింద కాకుండా సామర్థ్యం కింద చూపిస్తామని వివరించారు. పోతూపోతూ బెంచీల మీద పొద్దుగూకులూ కూర్చునే మమ్మల్ని కూడా విడిగా లెక్కపెట్టుకున్నారు. జనానికి తీరిక దొరకడం సంపన్న దేశాల లక్షణమట. అందులో మేం చాలా ముందున్నామట.

గ్లాసుల లెక్క పైకి పోయింది. అయితే కార్యాలయం లెక్కల మాట ఒక్కటే వినేది కాదు, జనం మాట కూడా వింటుంది. లెక్క ఎంత బాగున్నా, జనాభిప్రాయం గనక దయనీయంగా ఉన్నట్లయితే షెడ్లు ఇవ్వవచ్చునని నిబంధనల్లో వెసులుబాటు ఉంది. అంటే ఐలవ్వ షెడ్డు ఇప్పుడు మా నోళ్లలో ఉందన్నమాట.

ఐలవ్వ మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది. ఆ పూట మనిషికో చాయ్ పోసింది, వన్ బై త్రీ కాదు. "ఎవలన్న అడుగవస్తె ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. ఎక్కువ ఏడ్వకుండ్రి, తక్కువ ఏడ్వకుండ్రి" అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం మాకు అలవాటు లేని పని గనుక కొన్ని రోజులు సాధన చేశాం. బాయిలో రిటైరైన పోశం కాక దగ్గుతూ మాట్లాడే బాధ్యత తీసుకున్నాడు. ఆయన దగ్గు నిజమైనదే గానీ సమయానికి వచ్చేది కాదు, దాన్ని చెప్పినప్పుడు వచ్చేటట్టు మచ్చిక చేసుకున్నాడు. రజాక్ భాయ్‌కి కాపలా. ఆఫీసు జీపు మూల మలుపు తిరగగానే గాలి కొట్టే కంప్రెషర్ ఆన్ చేయాలి, ఆ చప్పుడు వినబడగానే మేం మా అసలు పరిస్థితికి వచ్చేయాలి.

కార్యాలయం వారు మాకన్నా తెలివైనవాళ్లు. అధికారుల ఎదుట జనం ఉన్నదానికన్నా పేదవాళ్లవుతారని వాళ్లు ఏనాడో కనిపెట్టారు. అందుకే అధికారుల్లా కనబడని అధికారులను పంపించారు. రమ గారు, రఘుపతి గారు. మామూలు కుటుంబీకుల్లా వెళ్లి, మాటల్లో పెట్టి, జనం మనసులోని మాట రాబట్టాలని వాళ్లకు ఆదేశం. రఘుపతి గారి చొక్కా జేబులో ఫోన్ మాటలన్నీ రికార్డు చేస్తూ ఉంటుంది. ఇదంతా మాకు తర్వాత తెలిసిన సంగతి.

వాళ్లు మామూలు కుటుంబీకుల్లా కనబడడానికి ఏ లోటూ చేయలేదు. శ్రావణమాసంలో ఒక గురువారం పొద్దున తెల్లకారు వచ్చి ఐలవ్వ హోటల్ ముందు ఆగింది. రమ గారు పట్టుచీర కట్టుకుని దిగారు. రఘుపతి గారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో ఆపిల్ పండ్ల సంచీ. చుట్టూ ఒకసారి ఇళ్లను తేరిపార చూసి, బెంచీ దులుపుకుని కూర్చున్నారు.

రజాక్ భాయ్ కంప్రెషర్ ఆన్ చేయలేదు. చేసే అవసరం ఏముంది. బొగ్గు ఊళ్లలో పుట్టిన ఎవరికైనా వాళ్లెవరో కారు డోరు తీసినప్పుడే తెలిసిపోతుంది. పిల్ల తరఫువాళ్లు. పిల్లగాని ఇంటికి పోయేముందు దగ్గర్లోని చాయ్ హోటల్ దగ్గర ఆగి ఆరా తీయడం మా దిక్కు ఆచారం. పిల్లగాడు తాగుతాడా, కొడతాడా అనేవి తర్వాత. మొదటి ప్రశ్న ఒకటే: పర్మినెంటా, కాంట్రాక్టా?

ఆరా తీసేవాళ్లది ఎట్లా ఆచారమో, జవాబు చెప్పేవాళ్లది కూడా ఆచారమే. మా వాడకట్టు పిల్లగాని గురించి బయటివాళ్లకు ఒక్క చెడ్డమాట మా నోటి నుంచి పోదు. దీన్ని అబద్ధం అనరు, మాటసాయం అంటారు. ఇంతవరకూ మా నోటివల్ల ఒక్క సంబంధం చెడిపోలేదు. చెడినవన్నీ పెళ్లయ్యాక వాటంతట అవే చెడ్డాయి.

రమ గారు చాయ్ అందుకుని, "ఇక్కడి కుటుంబాల పరిస్థితి ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు.

"ఏ కుటుంబమమ్మా?" అంది ఐలవ్వ, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

నమూనా కోసం ఏదో ఒక ఇల్లు కావాలి గనుక రమ గారు ఎదురుగా కనబడ్డదాన్ని చూపించారు. "ఉదాహరణకి, ఆ ఆకుపచ్చ తలుపు ఇల్లు."

బెంచీల మీద అందరం సర్దుకుని కూర్చున్నాం. ఆకుపచ్చ తలుపు సదయ్యది. సదయ్య కొడుకు భూపాల్. ముప్పై దాటాయి, కాంట్రాక్టు పని పోయింది. చూసిన ప్రతి సంబంధమూ పర్మినెంటు అనే మాట దగ్గరే విరిగింది. ఆఖరుసారి రామకృష్ణాపూర్ వాళ్లు తాంబూలాల దాకా వచ్చి, గుర్తింపు కార్డు చూపించమని అడిగి లేచి పోయారు. ఆ తర్వాత భూపాల్ మాటలు తగ్గించాడు. రోజూ పొద్దున ఐలవ్వకు రెండు బిందెల నీళ్లు తెచ్చిపెట్టి, బెంచీ చివర కూర్చుని, వన్ బై త్రీలో మూడోవాడిగా ఉంటాడు. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. ఆకుపచ్చ తలుపు మాట వినబడగానే చేతిలో గ్లాసు మెల్లగా కింద పెట్టి, లేచి, ముఖం కడుక్కోవడానికి పక్కకు పోయాడు.

"సదయ్య ఇల్లా?" అన్నాడు పోశం కాక, దగ్గు మరిచిపోయి. "దేవుని లెక్క మనిషి."

"వాళ్లకి సంపాదన ఎట్లా..."

"పర్మినెంటు" అన్నాం అందరమూ, ఆమె మాట పూర్తికాకముందే.

"ఇంట్లో ఎవరు పర్మినెంటు?"

"అందరు" అన్నాడు పోశం కాక.

రజాక్ భాయ్ చేతిలో ట్యూబుతోనే దగ్గరికి వచ్చాడు. "భూపాల్ భాయ్ ఓపెన్‌కాస్ట్‌ల మిషిన్ మీద డ్యూటీ మేడం. ఏసీ క్యాబిన్. ఎండ తగలదు, రంగు సుత ఏం తగ్గలే."

రఘుపతి గారు లోకం తెలిసిన మనిషి. డ్యూటీ ఉన్నవాళ్లయితే ఈ వేళప్పుడు ఇంతమంది ఇక్కడ ఎందుకు కూర్చున్నారని అడిగారు. అందరిదీ నైట్ షిఫ్టు అని చెప్పాం. గోడలు పగిలి ఉన్నాయేమిటని అడిగారు. కూలగొట్టి బంగ్లా కడుతున్నారు గనుక పట్టించుకోవడం లేదని చెప్పాం. బంగ్లా ఎన్ని అంతస్తులనే దగ్గర మాలో మాకు కొంచెం తేడా వచ్చింది గానీ, ఎక్కువ చెప్పినవాడి మాటే నిలబెట్టాం.

"మరి మీ సంగతేమిటమ్మా?" అని రమ గారు ఐలవ్వను అడిగారు.

ఐలవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. చుట్టుపక్కలవాళ్లు గతిలేనివాళ్లని తెలిస్తే, రేపు తమ పిల్ల ఇంటికి వచ్చి అందరూ చెయ్యి చాపుతారని పిల్ల తరఫువాళ్లు జంకుతారు. అందువల్ల, "నాకేం తక్కువమ్మా. పొద్దు పోక పెట్టుకున్న హోటల్ ఇది. ఈ వాడకట్టుల ఎవలకు ఏ లోటు లేదు. ఇచ్చెటోళ్లే గని అడిగెటోళ్లు లేరు. మీరు కళ్లు మూసుకొని పిల్లను..." అని, పిల్ల మాట మనం ముందుగా ఎత్తకూడదు గనుక అక్కడితో ఆపి, "మీరు కళ్లు మూసుకొని నమ్మచ్చు" అని ముగించింది. చాయ్ డబ్బులు ఇవ్వబోతే చుట్టాల దగ్గర తీసుకోనంది.

కారు వెళ్లిపోయింది. ఆకుపచ్చ తలుపు దగ్గర ఆగకుండా పోవడం కొంచెం చిత్రంగా అనిపించింది గానీ, మంచి ఘడియ చూసుకుని వస్తారని పోశం కాక సర్దిచెప్పాడు. ఆ పట్టుచీర ఆమె పిల్లకు మేనత్త అయి ఉంటుందని, ముఖం లక్ష్మీకళగా ఉందని అందరం ఒప్పుకున్నాం. భూపాల్ ఒక కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, మోగిందేమోనని తీసి చూసుకుంటూ ఉండేవాడు. ఆ రోజుల్లో నీళ్లు రెండు బిందెలకు బదులు మూడు తెచ్చాడు.

ఫోన్ రాలేదు, మీటింగు వచ్చింది.

కమ్యూనిటీ హాల్లో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఐలవ్వ గ్లాసులు, కిందినుంచి పైకి మెట్లుమెట్లుగా పోతున్నట్టు బొమ్మ. బెల్లంపల్లి నుంచీ రామకృష్ణాపూర్ నుంచీ కూడా జనాన్ని ఆటోల్లో తెచ్చి కూర్చోబెట్టారు. యూట్యూబ్ విలేకరులు స్టాండ్లు నిలబెట్టుకున్నారు. వేదిక మీద డైరెక్టరు గారు, పక్కన వేణుమాధవ్ గారు, ఆ పక్కన రమ గారు.

"పిల్ల మేనత్త ఆఫీసరట" అని మా వరుసలో ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి పోయింది. భూపాల్‌కు అదృష్టం ఈ స్థాయిలో పట్టిందని మేం ఊహించలేదు. వాణ్ని ముందు వరుసలో కూర్చోబెట్టాం.

డైరెక్టరు గారు మైకు సవరించుకున్నారు. "సోదర సోదరీమణులారా, లెక్కలు ఒకటి చెప్తే జనం ఇంకొకటి చెప్పడం ఇంతకాలంగా మన ఆర్థిక శాస్త్రాన్ని వేధిస్తున్న సమస్య. జనం అనుభవిస్తున్నారు గానీ, తాము అనుభవిస్తున్నట్టు వాళ్లకు అనిపించడం లేదు. ఈ లోపం మొట్టమొదటిసారిగా మీ పాత గేటు ప్రాంతంలో తొలగిపోయింది. ఇక్కడ గ్లాసూ మనిషీ ఒకే మాట మీద నిలబడ్డారు. మీ సౌభాగ్యాన్ని మీ నోటితోనే వినండి."

వేణుమాధవ్ గారు ఒక మీట నొక్కారు. పోశం కాక గొంతు హాలంతా మోగింది: దేవుని లెక్క మనిషి. తర్వాత మా అందరి గొంతులూ కలిసి, పర్మినెంటు. తర్వాత ఏసీ క్యాబిన్. తర్వాత బంగ్లా. ఆ తర్వాత ఐలవ్వ గొంతు, ఈ వాడకట్టులో ఎవరికీ ఏ లోటూ లేదని.

హాలు చప్పట్లు కొట్టింది. మా వరుసలో మాత్రం చేతులు కదల్లేదు. పట్టుచీర, ఆపిల్ పండ్లు, ఆగకుండా పోయిన కారు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. భూపాల్ వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. తర్వాత తన కొత్త చొక్కా గుండీలను చూసుకున్నాడు.

కార్యాలయం న్యాయంగా ఉండాలి గనుక, వాంగ్మూలాల మీద అభ్యంతరం ఉన్నవాళ్లు నిలబడవచ్చునని డైరెక్టరు గారు ప్రకటించారు. తప్పని ఒక్కరు చెప్పినా ధ్రువీకరణ ఆపి, షెడ్ల విషయం మళ్లీ పరిశీలిస్తామన్నారు.

ఐలవ్వ నిలబడింది.

"చెప్పు ఐలవ్వా" అన్నాడు పోశం కాక, ఆమె చీర కుచ్చెళ్ల దగ్గర నుంచి గుసగుసగా. "అంత ఉత్తదే అని చెప్పు. షెడ్డు నీకొస్తది."

రఘుపతి గారు మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టారు. విలేకరుల ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆ ఫోన్లలో నుంచి ఆమె ఏం మాట్లాడితే అది బెల్లంపల్లి నుంచి గోదావరి ఒడ్డు దాకా, పెళ్లికావలసిన ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటికీ అప్పటికప్పుడు చేరుతుంది.

"అమ్మా, ఒక్క మాట చాలు" అన్నారు డైరెక్టరు గారు. "ఆ ఆకుపచ్చ తలుపు ఇంటి అబ్బాయి భూపాల్‌కు పర్మినెంటు ఉద్యోగం ఉందా, లేదా?"

ఐలవ్వ భూపాల్ వైపు చూసింది. వాడు తల ఎత్తలేదు. ఎత్తకుండానే, నిజం చెప్పెయ్యమన్నట్టు ఒకసారి తల ఊపాడు.

"ఉన్నది సారూ" అంది ఐలవ్వ.

"మీరు చెప్పినవన్నీ నిజమేనా?"

"నిజమే."

"అయితే మీకు షెడ్డు..."

"నాకెందుకు సారూ. పొద్దు పోక పెట్టుకున్న హోటల్ నాది."

ఈసారి మేం కూడా చప్పట్లు కొట్టాం, గట్టిగానే. కొట్టడం అయిపోయాక ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. డైరెక్టరు గారు ఐలవ్వకు శాలువా కప్పారు. షెడ్లు ఇక ఎవరికీ అవసరం లేనందున వాటిని కలిపి, ఈ ప్రాంతం ఎట్లా బాగుపడిందో చూపించే ప్రదర్శనశాలగా మారుస్తామని ప్రకటించారు.

ఆ వీడియో చూసి బెల్లంపల్లి నుంచి భూపాల్‌కు నిజమైన సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి బిక్షం నేరుగా ఇంటికే వచ్చాడు, హోటల్ దగ్గర ఆరా తీయడం కూడా దండగనుకున్నాడు. భూపాల్‌కు ఏమైందో ఏమో, ఆయన్ను కూర్చోబెట్టి, "మామా, నాకు పర్మినెంటు లేదు. కాంట్రాక్టు సుత పోయింది. గిది నిజం" అని చెప్పాడు.

బిక్షం వాడి వినయానికి మురిసిపోయాడు. "నువ్వు చెప్తె అయితదా కొడుకా. ఆఫీసోళ్లు లెక్క తీసి, మైకుల చెప్పిండ్రు. నాకెర్కనే" అన్నాడు. భూపాల్ ఇంకోసారి చెప్పాడు. ఆయన ఇంకొంచెం మురిశాడు. తమ వైపు సంగతి కూడా చెప్పాడు: అన్నదమ్ములందరూ పర్మినెంటట, బెల్లంపల్లిలో ఎవరికీ ఏ లోటూ లేదట. మేం నమ్మాం. నమ్మకపోతే బాగుండదు.

ఐలవ్వ ఇప్పుడు పొద్దున్నే ఇంటి దగ్గరే చాయ్ కాచి, ఫ్లాస్కులో పోసుకుని, మట్టిగుట్టల పక్క తోవన కొత్త గేటుకు నడిచిపోతోంది. ప్రదర్శనశాల నీడలో నిలబడితే వాచ్‌మన్ ఊరుకోడు గనుక ఎండలోనే నిలబడి అమ్ముతోంది. మొన్న వేణుమాధవ్ గారు ఆ దారిన పోతూ ఆమెను చూసి కారు ఆపించారట. చాయ్ తాగారట. మనిషి దగ్గరికే సరుకు నడిచి వస్తుండడం సేవా రంగంలో కొత్త మలుపు అని రాసుకున్నారట. ఆమె మోకాళ్ల నొప్పుల గురించి ఏదో చెప్పబోతే, అది దవాఖాన లెక్కల్లో వస్తుందిలే అమ్మా అని ఓదార్చారట.

మా ప్రాంతంలో సాధించిన విజయం చూసి కార్యాలయం వారు పని విస్తరిస్తున్నారు. ఈసారి గ్లాసులు కాదు, పాఠకులు. తీరిగ్గా కూర్చుని ఒక కథను ఆఖరు దాకా చదవగలిగినవాళ్లందరినీ ఏ లోటూ లేనివాళ్ల ఖానాలో వేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. మీరు ఆఖరు దాకా వచ్చేశారు. కార్యాలయం న్యాయంగానే ఉంటుంది గనుక, అభ్యంతరం ఉంటే మీరూ నిలబడవచ్చు. మీ అల్లుడు చూస్తుండగా, మీ వియ్యంకుడు వింటుండగా, పక్కింటివాళ్ల కిటికీ తెరిచి ఉండగా, నిలబడి, మాకు గడవడం లేదని ఒక్క మాట గట్టిగా అంటే చాలు, మీ పేరు కొట్టేస్తారు.

కార్యాలయం వారు కాసేపు చూశారు. ఎవరూ లేవలేదని రాసుకున్నారు.